తోక ఒక్కటి చాలు

"ఇది ఏ పురుగు నాన్నా?" అంది మా అమ్మాయి.

దానికి ఏడేళ్ళు. అరచేతిలో పెట్టుకుని చూస్తున్నది అంగుళం పొడవున్న మెత్తటి ప్లాస్టిక్ ముక్క. పచ్చినిమ్మకాయ రంగు. ఒక చివర బొద్దుగా, గీతలు గీతలుగా ఉంది. రెండో చివర కొడవలిలా వంపు తిరిగిన పల్చటి తోక. కళ్ళు లేవు, కాళ్ళు లేవు, రెక్కలు లేవు. ప్యాకెట్ తిప్పి చూశాను. ఏ పురుగో అక్కడా రాసి లేదు.

"ఏ పురుగూ కాదమ్మా."

"మరి చేప ఎందుకు తింటుంది?"

ఒహాయోలో ఏక్రన్ ఊరికి దక్షిణాన పోర్టేజ్ లేక్స్ అని చిన్న చిన్న సరస్సుల గొలుసు ఉంది. కుయహోగా నదికీ టస్కరావస్ నదికీ మధ్య ఆదివాసులు పడవల్ని భుజాల మీద మోసుకెళ్ళిన దారి అది, పేరు అందుకే. మేం కూర్చున్నది ఆ సరస్సుల్లో ఒకదాని ఒడ్డున. బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గాలం పట్టుకుని కూర్చున్నాడంటే కారణం ఊహించొచ్చు. ఏప్రిల్ చివర్లో మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా సర్దుకోవాలి. పొద్దున్నంతా అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు. స్కూల్ అయ్యాక అమ్మాయిని తీసుకుని ఇక్కడికి. ఇంట్లో కూర్చుంటే ఇద్దరం ఫోన్లు చూస్తున్నామని మా ఆవిడే తరిమింది.

పిల్ల అడిగిన ప్రశ్నకి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. రాత్రుళ్ళు నిద్ర పట్టక చదువుతూ పోయాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చింది.

*

గాలం నాకు కొత్త కాదు. మా అమ్మమ్మగారి ఊరు కృష్ణా డెల్టాలో, కాలవ గట్టు మీదే. తాతయ్య పశువుల కొట్టం వెనక తడిమట్టి తవ్వి ఎర్రలు తీసేవాడు. కొబ్బరిచిప్పలో మట్టి, మట్టిలో ఎర్రలు. చిన్నప్పుడు నాకు ఎర, ఎర్ర రెండూ ఒకటే మాటలా వినపడేవి. వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలీక కాడతో చేసిన బెండు. పడేవి పరిగెలు, జెల్లలు. ఎర్రని ముల్లుకి గుచ్చేటప్పుడు అది వేళ్ళ మధ్య మెలికలు తిరిగిపోయేది. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. "అది కదిలితేనేరా చేప చూసేది" అనేవాడు తాతయ్య. ఈ వ్యాసం మొత్తంలో నేను చెప్పబోయేది ఆయన ఆ ముక్కలోనే చెప్పేశాడని ఇప్పుడు అనిపిస్తోంది. కానీ దాన్ని కనిపెట్టడానికి అమెరికన్లకి పాతికేళ్ళ పైన పట్టింది. ఆ కథ బావుంటుంది.

ముందు వానపాము సంగతి. ఇక్కడ గాలం వేసేవాళ్ళు వాడే పెద్ద వానపాముని నైట్ క్రాలర్ అంటారు, రాత్రిపూట పచ్చికలోకి పైకి వస్తుంది కాబట్టి. ప్లాస్టిక్ ఎర నకిలీ, వానపాము అసలు అనుకుంటాం కదా. ఆ అసలుది కూడా ఈ నేల జీవి కాదు. మంచు యుగంలో హిమానీనదాలు కప్పేసిన ఉత్తర ప్రాంతాల్లో స్థానిక వానపాములు మిగల్లేదు. ఇప్పుడున్నవి యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళతో, వాళ్ళ మొక్కల వేళ్ళకి అంటుకున్న మట్టితో వచ్చాయి. ఇప్పుడు మిన్నెసోటా లాంటి చోట్ల వాటి వల్ల అడవి నేల మీది ఆకుల దుప్పటి కరిగిపోతోందని, మిగిలిన వానపాముల్ని ఒడ్డున పారబోయొద్దని చెబుతున్నారు. అంటే ఈ నీళ్ళలోని చేపలు వేల ఏళ్ళు వానపాము మొహం చూడలేదు. అయినా మొదటి పాము మునగ్గానే మింగి ఉంటాయి.

*

ఏక్రన్ రబ్బరు ఊరు. గుడ్రిచ్, గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, జనరల్ టైర్, అన్నీ ఇక్కడే పుట్టాయి. 1926లో గుడ్రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త లోహానికి రబ్బరు అంటించే జిగురు కోసం వెతుకుతున్నాడు. పాలీవినైల్ క్లోరైడ్, అంటే మన పీవీసీ, అప్పటికే తెలిసిన పదార్థం. పెళుసు, ఎందుకూ పనికిరాదని పక్కన పడేసినది. సీమన్ దాన్ని ఎక్కువ వేడికి గాని మరగని ద్రావకంలో వేసి కాచాడు. చల్లారాక జిగురు రాలేదు. జెల్లీలా వణికేది, సాగేది, నేలకేసి కొడితే ఎగిరేది వచ్చింది. దాంతో తడవని గుడ్డ చేసి, పై అధికారి బల్ల మీది కాగితాల మీద కప్పి, చెంబుడు నీళ్ళు పోసి చూపించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కాగితాలు తడిసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదేమో. సీమన్ నూరేళ్ళు బతికి 1999లో పోయాడు.

ఆ పదార్థంలో కీలకం ఏమిటంటే, పీవీసీ పొడిలో ఎంత నూనెలాంటి ద్రవం కలిపితే అంత మెత్తబడుతుంది. ఎక్కువ కలిపితే పాలలా తెల్లగా జారుతుంది. దాన్ని పొయ్యి మీద పెట్టి తిప్పుతూ ఉంటే ముందు గడ్డకట్టినట్టు అవుతుంది, పాడైపోయింది అనుకునేలోపు 175 డిగ్రీల దగ్గర మళ్ళీ కరిగి అద్దంలా తేటపడుతుంది. గారెలు వేగే నూనె వేడి అది. పాకం పట్టడం తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది, తీగ పాకం దగ్గర పొయ్యి కట్టేయడం లాంటిదే. అచ్చులో పోస్తే చల్లారి మెత్తటి వస్తువు బయటికి వస్తుంది.

ఇంకో ఇరవై మూడేళ్ళకి, 1949లో, అదే ఏక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ఇంట్లో వంట పొయ్యి మీద ఇదే పని చేశారు. వినైల్, నూనెలు, రంగులు. నైట్ క్రాలర్‌ని నమూనాగా పెట్టుకున్నారు. రబ్బరుతో చేసిన పురుగులు అంతకుముందూ ఉన్నాయి గానీ అవి బిరుసు. చేప కొరికి వెంటనే ఉమ్మేసేది. క్రీమ్ దంపతుల పురుగు మెత్తగా, దాదాపు మాంసంలా ఉండేది. చేప ఇంకో క్షణం నోట్లో ఉంచుకునేది. గాలం వేసేవాడికి కావలసింది ఆ క్షణమే. 1951లో పోస్టులో అమ్మడం మొదలుపెట్టారు, ఐదు పురుగులు డాలరు. పేరు విగుల్ వార్మ్. తర్వాత కంపెనీ టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరికి తరలిపోయింది. అక్కడ కొత్తగా కట్టిన జలాశయాల నిండా లార్జ్‌మౌత్ బాస్ చేపలు.

ఒక పెద్ద కంపెనీ ప్రయోగశాలలో పుట్టినది అదే ఊళ్ళో ఒక వంటింట్లో ఇంకో అవతారం ఎత్తడం నాకు బాగా నచ్చిన భాగం. ఆవిష్కరణల చరిత్ర రాసేటప్పుడు మనం సీమన్ దగ్గర ఆగిపోతాం. కాస్మా క్రీమ్ గిన్నె తోముకున్న సంగతి ఎవరూ రాయరు.

*

ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ డబ్బు నడిచిన దారి బాస్ చేపది. బాస్ నోరు పెద్దది, పోట్లాట ఎక్కువ, గోడ మీద తగిలించుకుంటే ఫోటోలో బావుంటుంది. 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్ మీద రే స్కాట్ బాస్ పోటీ పెట్టాడు, మర్నాడే అన్నట్టు 1968లో సంఘం పెట్టాడు. గాలం ఒక క్రీడ, ఆపై ఒక పరిశ్రమ అయింది. పురుగులు పొడుగయ్యాయి, ఆరంగుళాలు, ఎనిమిదంగుళాలు. అలబామాలో టామ్ మాన్ జెల్లీ వార్మ్ అని పళ్ళ వాసనలతో పురుగులు పోశాడు. స్ట్రాబెర్రీ వాసన వేసే వానపాము! చేప స్ట్రాబెర్రీ ఎప్పుడు తిన్నదని అడగొద్దు. చేపకంటే ముందు షాపులో మనిషి పడాలి కదా ఎరకి.

ఈ సందడిలో బ్లూగిల్ లేదు. అరచేయంత చేప. పళ్ళెంలా చదునుగా, నిలువుగా ఉంటుంది. మొప్పల కింద అంచు నీలం, మొప్ప చివర నల్లటి చెవితమ్మె లాంటిది, గుడ్లు పెట్టే కాలంలో మగదాని రొమ్ము నారింజ రంగు. దీన్నీ దీని బంధువుల్నీ కలిపి ప్యాన్‌ఫిష్ అంటారు, పెనంలో పట్టే చేప అని. పేరులోనే చులకన ఉంది. పిల్లల చేప, బీదవాళ్ళ చేప, వంతెన కింద బక్కెట్టు తిరగేసి కూర్చునే ముసలివాళ్ళ చేప. దేశంలో దాదాపు ప్రతివాడూ పట్టిన మొదటి చేప ఇదే అయ్యుంటుంది. ఇల్లినాయ్ 1986లో దీన్ని తన రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇప్పటిదాకా పట్టినవాటిలో పెద్దది 1950 ఏప్రిల్‌లో అలబామాలోని కెటోనా లేక్‌లో పడింది, రెండు కిలోల పైన. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ రికార్డు అలాగే ఉంది.

బ్లూగిల్ నోరు చిటికెన వేలు కూడా పట్టనంత. ఆరంగుళాల వానపాముని పెడితే ఒక చివర పట్టుకుని లాక్కుపోతుంది, ముల్లు దాకా రాదు. దీని కోసం పురుగుని కుదించాలి. కుదిస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, అంగుళం పొడవున్న ప్లాస్టిక్ వానపాము వానపాములా కనబడదు. పుల్లలా కనబడుతుంది. నీళ్ళలో పుల్లలాగే ప్రవర్తిస్తుంది కూడా.

1970లలో దీనికి రెండు జవాబులు వచ్చాయి. ఒకటి లూసియానాలోని మిండెన్ నుంచి మిస్టర్ ట్విస్టర్ వాళ్ళ వంపు తోక. పురుగు పోలికలన్నీ వదిలేశారు. పల్చటి, అర్ధచంద్రాకారపు తోక ఒక్కటి ఉంచారు. ఎంత మెల్లగా లాగినా ఆ తోక నీటిని కోస్తూ అల్లాడుతుంది. లాగకుండా కిందికి వదిలినా అల్లాడుతుంది. రెండోది బాబీ గార్లండ్ చేసిన బోలు గొట్టం, గిట్జిట్ అని పేరు. చివర సన్నటి పోగులుగా చీలి ఉంటుంది, చిన్న స్క్విడ్ లాగా. మంచినీళ్ళలో స్క్విడ్ ఉండదు, చేపకి ఆ అభ్యంతరం లేదు. గ్రాము బరువు లేని సీసపు తల పోసిన ముల్లుకి వీటిలో ఒకటి తొడిగి, పైన బెండు కడితే బ్లూగిల్‌కి అంతకంటే అక్కర్లేదు. మా అమ్మాయి చేతిలో ఉన్నది ఆ మొదటి జాతిదే.

క్రీమ్ పురుగు వాస్తవికవాద కథ లాంటిది. వానపాము ఒంటి మీది ప్రతి ఉంగరమూ ఉండాలి, మధ్యలో పట్టీ ఉండాలి, రంగు సరిపోవాలి. వంపు తోక వేరే రకం. ఒక్క కదలిక ఉంచి మిగతాది పాఠకుడికి వదిలేసింది. మనం తెలుగులో మంచి కథ అంటే ఇంకా ఉంగరాలు లెక్కపెడుతూనే ఉన్నాం అనిపిస్తుంది. యాస సరిగ్గా ఉందా, వంట సరిగ్గా ఉందా, పొలం కొలతలు సరిగ్గా ఉన్నాయా. అవి ఉండకూడదని కాదు. అవన్నీ ఉండి తోక కదలని కథలు ఎన్ని చదవలేదు?

అయితే వివరాలకి పడిపోయే జీవి లేదని కాదు. ఉంది, మనిషి. బ్లూగిల్‌కి శాస్త్రీయ నామం పెట్టినవాడి కథే దీనికి సాక్ష్యం. కాన్‌స్టాంటిన్ రఫినెస్క్, కాన్‌స్టాంటినోపుల్‌లో పుట్టి అమెరికా చేరిన ప్రకృతి శాస్త్రవేత్త. కనపడిన ప్రతి మొక్కకీ చేపకీ పేరు పెట్టే పిచ్చి. 1818లో ఒహాయో నది వెంట తిరుగుతూ కెంటకీలోని హెండర్సన్‌లో పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ ఇంట్లో దిగాడు. ఆ రాత్రి గదిలోకి గబ్బిలాలు వస్తే, అవేవో కొత్త జాతి అనుకుని, ఒంటి మీద గుడ్డ లేకుండా గెంతుతూ ఆడుబాన్ ఫిడేలుతో వాటిని కొట్టాడు. ఫిడేలు విరిగింది. ఇది ఆడుబాన్ చెప్పిన కథ, కాబట్టి కొంచెం ఉప్పు తగ్గించుకోవాలి. ఫిడేలు మీద కోపమో, సరదాయో, ఆడుబాన్ అతనికి లేని చేపల్ని వర్ణించాడు, బొమ్మలు గీసి మరీ. అందులో ఒకటి దయ్యపు వజ్రపు చేప. పొలుసులు తుపాకీ గుండు కూడా దిగనంత గట్టివి, చెకుముకి రాయితో కొడితే నిప్పు పుడుతుంది. రఫినెస్క్ దాన్ని 1820లో ఒహాయో నది చేపల మీద రాసిన పుస్తకంలో శ్రద్ధగా చేర్చుకున్నాడు. ఆడుబాన్ వల్ల అందులోకి చేరిన అబద్ధపు చేపలు పది దాకా ఉన్నాయి.

బ్లూగిల్‌ని అతను వర్ణించింది 1819లో, ఆ తిరుగుళ్ళ పర్యవసానంగానే. లెపోమిస్ మాక్రోకైరస్ అన్నాడు. పెద్ద చెయ్యి ఉన్నది అని ఆ రెండో మాటకి అర్థం, పొడుగాటి పక్క రెక్కని చూసి పెట్టినది. నిజం చేపకి సరైన పేరు, లేని చేపకి వజ్రపు పొలుసులు, ఒకే మనిషి నోట్‌బుక్‌లో, ఏడాది రెండేళ్ళ తేడాలో. ఎవరైనా చేపని చూసి తెలివితక్కువది అంటే నాకు రఫినెస్క్ గుర్తొస్తాడు.

*

అమ్మాయి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. పురుగు కాదని తెలిసీ చేప ఎందుకు తింటుంది?

మొదట, తెలిసి కాదు. చేతులు లేని జీవికి నోరే చెయ్యి. బ్లూగిల్ కొరకదు, పీలుస్తుంది. ఎర ముందుకి వచ్చి ఒక క్షణం గాల్లో ఆగినట్టు నీళ్ళలో ఆగుతుంది, చూస్తుంది. తర్వాత కన్ను మూసి తెరిచేంత కూడా పట్టని వేగంతో నోరు తెరుస్తుంది, నీటితో పాటు ఎర లోపలికి పోతుంది. ఈ పీల్పు పని చేసేది దాదాపు దాని నోటి వెడల్పంత దూరంలోనే. కాబట్టి దగ్గరికి రావాలి, నిలబడాలి. నచ్చకపోతే అదే వేగంతో ఉమ్మేస్తుంది. బెండు ఒక్కసారి మునిగి లేవడం మనం చూసేలోపు అది రుచి చూసి వద్దనుకోవడం కూడా అయిపోయి ఉంటుంది.

రెండోది, ఆకలి. 1974లో ఎర్ల్ వెర్నర్, డోనాల్డ్ హాల్ అనే ఇద్దరు 'ఎకాలజీ' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. బ్లూగిల్ ఉన్న నీళ్ళలో డాఫ్నియా అనే ఆవగింజ ప్రమాణపు జీవుల్ని రకరకాల సైజుల్లో వదిలారు. తిండి దండిగా ఉన్నప్పుడు చేప చిన్నవాటిని వదిలేసి పెద్దవే ఏరుకుంది. తిండి కరువైనప్పుడు సైజు చూడలేదు, ఎదురొచ్చినదల్లా తినేసింది. ఏ జంతువు ఏది తినాలో ఎలా తేల్చుకుంటుందన్న ఆప్టిమల్ ఫోరేజింగ్ సిద్ధాంతానికి ఈ చేప పాఠ్యపుస్తకపు ఉదాహరణ అయిపోయింది. ఖర్చు, రాబడి, ఎదురయ్యే వేగం. నాలాంటివాడికి ఇలాంటి పేపర్ చదవడం ఆనందం, ఎందుకంటే అందులో సమీకరణం ఉంది, గ్రాఫ్ ఉంది, గీత మీద చుక్కలు పడ్డాయి.

అది చదివిన రోజు నాకు 33వ రోజు. పొద్దున్నే ఒక రిక్రూటర్ ఫోన్ చేసి, నా అనుభవానికి బాగా కిందిస్థాయి పని ఒకటి ఉంది, ఆసక్తేనా అన్నాడు. మొదటి వారంలో అయితే మర్యాదగా కాదనేవాణ్ణి. ఆ రోజు రెజ్యూమె అరగంటలో పంపాను. గ్రాఫ్ మీద నా చుక్క ఎక్కడ పడుతుందో తెలిసింది.

మూడోది, కోపం. ఇది మే చివర్లో కళ్ళారా చూశాం. ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో కంచాలు వరసగా పరిచినట్టు గుండ్రటి గుంటలు. బ్లూగిల్ గూళ్ళు. మగచేప తోకతో బురద ఊడ్చి గులకరాళ్ళు తేల్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగది ఉండి కాపలా కాస్తుంది, రెక్కలతో విసురుతూ ఉంటుంది, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. అక్కడ ఎర వేస్తే ఆకలితో కాదు, ఇల్లు కాపాడుకోడానికి నోట పట్టుకుంటుంది. పట్టడం సులువు, ఒక గంటలో బక్కెట్ నిండుతుంది. కానీ ఆ మగదాన్ని తీసేసిన కాసేపటికి చుట్టుపక్కల చేపలొచ్చి గుడ్లు ఊడ్చేస్తాయి. మేం రెండు పట్టాక సంగతి అర్థమై, వాటిని అక్కడే వదిలేసి, అవతలి రేవుకి మారిపోయాం. ఆ రెండింటి గూళ్ళు ఏమయ్యాయో అమ్మాయి మర్నాడు వెళ్ళి చూసింది. ఒకదాని మీద చేప ఉంది. రెండోది ఖాళీ.

ఈ కాపలాదారుల్నీ మోసం చేసేవాళ్ళున్నారు, మనుషులు కాదు. బ్లూగిల్ మగవాటిలో కొన్ని గూడు కట్టవు, కాపలా కాయవు. చిన్నవయసులోనే, రెండేళ్ళకే, ఎదిగి మొక్కల చాటున నక్కి ఉంటాయి. ఆడది గుడ్లు పెట్టే క్షణంలో దూసుకొచ్చి పని కానిచ్చి పారిపోతాయి. ఇంకొంచెం పెద్దయ్యాక ఇవే ఆడచేప రంగు, ఆడచేప నడక తెచ్చుకుని, గూటి యజమాని ముందే తాపీగా లోపలికి దిగుతాయి. పాపం ఆయన ఇద్దరు భార్యలొచ్చారనుకుంటాడు. న్యూయార్క్‌లోని కజెనోవియా సరస్సులో వాలెస్ డోమినీ, కెనడాలోని ఒపినికన్ సరస్సులో మార్ట్ గ్రాస్ 1980 ప్రాంతంలో ఇదంతా నమోదు చేశారు. అక్కడా కిటుకు అదే. ఆడచేపలా పూర్తిగా ఉండనక్కర్లేదు, ఆ ఒక్క కదలిక చాలు.

*

ఇంత చిన్న చేపని మనుషులు ఇంత దూరం మోశారా అనిపించే చరిత్ర ఇంకోటుంది. 1930ల కరువు, దుమ్ము తుఫానుల తర్వాత అమెరికా పొలాల్లో వేల కొద్దీ చెరువులు తవ్వారు. అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ ఆ చెరువుల్లో ఏ చేపలు ఏ లెక్కన వెయ్యాలో ఏళ్ళ తరబడి తూచి తేల్చాడు. పది బ్లూగిల్‌లకి ఒక బాస్. బ్లూగిల్ పురుగుల్ని తింటుంది, బాస్ బ్లూగిల్‌ని తింటుంది, రైతు ఇద్దర్నీ తింటాడు. బాస్ తగ్గితే బ్లూగిల్ పిల్లలు కిక్కిరిసి, తిండి చాలక, అన్నీ బొటనవేలంత దగ్గర ఆగిపోతాయి.

1960లో జపాన్ యువరాజు అకిహితో అమెరికా వచ్చాడు. ఆయన స్వయంగా చేపల శాస్త్రవేత్త, గోబీ అనే చిన్న చేపల మీద పేపర్లు రాసినవాడు. షికాగో మేయర్ రిచర్డ్ డేలీ ఆయనకి బ్లూగిల్‌లని కానుకగా ఇచ్చాడు. తిండి చేపగా పెంచుకోవచ్చని జపాన్ తీసుకెళ్ళారు. పెంపకం అంతగా కలిసి రాలేదు, చేపలు మాత్రం బయట నీళ్ళలోకి చేరాయి. బీవా సరస్సులో స్థానిక చేపల గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి. జపాన్ బ్లూగిల్‌ల జన్యువులు పరీక్షిస్తే, అవన్నీ ఐయోవాలోని గటెన్‌బర్గ్ దగ్గర మిసిసిపీ నదిలో పట్టిన ఓ పదిహేను చేపల సంతానమని తేలింది. 2007లో, చక్రవర్తిగా, బీవా ఒడ్డునే ఉన్న ఓత్సు నగరంలో అకిహితో ఆ చేపల్ని తెచ్చింది తానేనని, ఇప్పటి పరిస్థితి చూస్తే మనసుకి బాధగా ఉందని బహిరంగంగా చెప్పాడు. చక్రవర్తులు చేపల గురించి క్షమాపణలాంటి మాట చెప్పడం చరిత్రలో ఎన్నిసార్లు జరిగి ఉంటుంది? ఒహాయోలో పిల్లల చేప, షిగాలో చంపి పారేయాల్సిన చేప. అది ఒకటే చేప, కాగితాలే వేరు. ఇక్కడ నేను ఇంకేదో అనబోతున్నానని మీకు అనిపిస్తుంది. అనను.

*

నాకు ఇబ్బందిగా ఉన్న సంగతి ఒకటి మిగిలింది. తాతయ్య ఎర్ర తెగి నీళ్ళలో పడితే ఏదో ఒకటి తినేసేది. ఈ ముక్క తెగి పడితే అక్కడే ఉంటుంది. మెత్తదనం కోసం కలిపిన ద్రవం మెల్లగా నీళ్ళలోకి కారుతుంది, ప్లాస్టిక్ నీళ్ళలో ఉబ్బుతుంది. పారేసిన ఎరల్ని చేపలు మింగుతున్నాయని 2013లో మెయిన్ రాష్ట్రంలో వీటిని నిషేధించాలని బిల్లు పెట్టారు. గాలం వేసేవాళ్ళు, తయారీదారులు గొడవ చేశారు. బిల్లు అధ్యయనంగా మారింది, అధ్యయనం చివరికి జనానికి నచ్చజెప్పాలనే సలహాగా మారింది. కరిగిపోయే పదార్థాలతో చేసిన ఎరలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాడాను, బావున్నాయి. మూత తెరిచి ఉంచితే ఎండిపోయి రాళ్ళవుతాయి, అది వేరే సంగతి.

మేం చేసిందల్లా ఒక ఖాళీ ఆవకాయ సీసా తెచ్చుకోవడం. తెగినవి, నమిలినవి, ఒడ్డున ఎవరో పారేసినవి అన్నీ అందులోకి. అమ్మాయికి ఇది చేపలు పట్టడం కంటే నచ్చింది. గులాబి, ఊదా, మెరుపు తునకలున్న నలుపు, స్ట్రాబెర్రీవి రెండు. జూన్ వచ్చేసరికి సీసా ముప్పాతిక నిండింది.

41వ రోజు ఆఫర్ వచ్చింది, డాలస్‌లో. జీతం తగ్గింది. సైజు చూడలేదు. 56వ రోజు సాయంత్రం పిటిషన్ ఫైల్ అయిందని లాయర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మ్యాపులో చూస్తే క్రీమ్ కంపెనీ వెళ్ళిన టైలర్ అక్కడికి 160 కిలోమీటర్లు కూడా లేదు. వాళ్ళు వెళ్ళిన దారినే మేమూ వెళ్తున్నామని చెబితే మా ఆవిడ, "వాళ్ళకి సామాన్లు తక్కువ ఉండి ఉంటాయి" అంది.

బయల్దేరే ముందురోజు చివరిసారి చెరువుకి వెళ్ళాం. గాలాలన్నీ సర్దేశాం, పైన ఒకటే మిగిలింది, ముల్లుకి ఎప్పటిదో పాత ఎర. బ్లూగిల్‌లు పీకి పీకి దాని తోక పూర్తిగా పోయింది. మొండెం మిగిలింది. కొత్తది తొడుగుదామంటే ప్యాకెట్లు కారు అడుగున ఎక్కడో ఉన్నాయి. అలాగే వేసింది. కాసేపు బెండు కదల్లేదు. తర్వాత పక్కకి వాలి, మునిగింది.

అరచేయంత చేప, రొమ్ము నారింజ రంగు.

"తోక కూడా లేదు కదా! ఎందుకు తింది?" అంది.

నా దగ్గర మూడు జవాబులున్నాయి, సంవత్సరాలతో సహా. "ఆకలేసిందేమో" అన్నాను.

చేతులు తడుపుకుని, ముల్లు తీసి, చేపని నీళ్ళలో వదిలేసింది. మొండేన్ని సీసాలో వేసి మూత పెట్టింది. సీసా నా సీటు కింద పెట్టాం. మూత సరిగ్గా బిగించినట్టు లేదు, కెంటకీ దాటేదాకా కారంతా ఆవకాయ వాసన.